రెండు తొట్లలో ఒక ఏరు

జనవరి 9

అక్కా,

ఉత్తరం చూడగానే వీడికేదో రోగం వచ్చిందని కంగారు పడకు. బాగానే ఉన్నాను. కుడి చెవి పూర్తిగా సమ్మె చేసింది, ఎడమది అర్ధజీతం మీద పనిచేస్తోంది. ఫోన్‌లో ఇద్దరం గొంతు చించుకుని, చివరికి అలిగి పెట్టేయడం కంటే ఇలా కాగితం మీద పోట్లాడుకోవడమే నయమనిపించింది.

అసలు సంగతి. మన ఏట్లో కావలి చేపలు గుర్తున్నాయా? బొటనవేలంత ఉండేవి. గుడ్లు పెట్టగానే ఆడది పసుపు రాసుకున్నట్టు అయిపోయి, ఆ కాస్త ఒళ్ళేసుకుని పీతల మీదకి కూడా తగాదాకి వెళ్ళేది. ఆనకట్ట కట్టి ఏరూ మన ఇల్లూ మునిగిపోయాక వాటి పని కూడా అయిపోయిందనుకున్నాను. అవలేదట. మొన్న ఒకావిడ గడియారం బాగుచేయించుకోవడానికి నా కొట్టుకి వచ్చింది. కాలేజీలో చేపల పాఠాలు చెబుతుంది. మాటల్లో మాటగా తెలిసింది, మునగడానికి ముందు ఆ ఏట్లో దిగి ఏమేం చేపలున్నాయో చూసింది ఆవిడేనట. అప్పుడు పట్టిన కావలి చేపల సంతానం ఇప్పటికీ ఆవిడ ఇంట్లో ఉంది. ఆనకట్ట వెనక లోతు నీళ్ళలో అవి బతకవట, ఆ ఏట్లో తప్ప ఇంకెక్కడా లేవట. మా నాన్న ఆ ఏటి నీటిమట్టం రాసే ఉద్యోగి అని చెప్పాను. తప్పిపోయిన చుట్టం దొరికినట్టు చూసింది నన్ను.

ఆవిడ ఉద్యోగం మానేసి కూతురి దగ్గరకి వెళ్ళిపోతోంది. చేపల్ని నలుగురికీ పంచేస్తోంది. నీకో జత, నాకో జత ఇస్తానంది. షరతు ఒక్కటే. రంగురాళ్ళు, ప్లాస్టిక్ మొక్కలు, నోరు తెరిచి బుడగలు వదిలే మొసలి బొమ్మ, ఇవేవీ కూడదు. ఏరు ఎలా ఉండేదో తొట్టి అచ్చం అలాగే ఉండాలి. అక్కడ పుట్టి పెరిగారు కదా, మీకు నేను చెప్పేదేముంది అంది.

కాబట్టి నీ సొంత తెలివి ఉపయోగించకుండా చెప్పింది చెప్పినట్టు చెయ్యి. మూడడుగుల తొట్టి కొను. సన్నటి ఇసుక తెప్పించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగు. చెట్టు మీదే పండి రాలిన ఎండుటాకులు ఏరుకొచ్చి, ఒక పొంగు రానిచ్చి వెయ్యి. ముందు తేలతాయి, తరవాత అవే మునుగుతాయి. నీళ్ళు పల్చటి టీ రంగుకి తిరుగుతాయి, పాడైపోయాయని పారబోసేవు. బావని అడిగి ఒక మొద్దూ కాసిని వేళ్ళూ పెట్టించు. పగిలిన పూలకుండీ ముక్క బోర్లించు, గుడ్లు పెట్టుకునే గుహ అదే. పోసేవి వాన నీళ్ళయితే మంచిది. స్పాంజి ఫిల్టరు పెట్టి ఒక నెల ఖాళీగా తిప్పు, చేపలు ఆ తరవాతే. నీళ్ళు మాత్రం చల్లగా ఉండాలి. మన ఏటి చలి ఎలాంటిదో నీకు చెప్పక్కర్లేదుగా.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 16

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు ఉత్తరం రాశావంటే నమ్మబుద్ధి కాక మీ బావ చేత కూడా చదివించాను. చేతిరాత వాడిదే, పెత్తనం కూడా వాడిదే అన్నారు. ఇన్నేళ్ళుగా మా గుమ్మం తొక్కని మనిషివి, చేపల పుణ్యమా అని నేనొకదాన్ని ఉన్నానని గుర్తొచ్చింది. అదే పదివేలు.

తొట్టి కుట్టుగదిలో పెట్టించాను, మిషనుకీ అద్దానికీ మధ్య. బడి యూనిఫారాల కొలతలకి వచ్చే పిల్లలు ఇదివరకు ఒక్క క్షణం నిలబడేవాళ్ళు కాదు. ఇప్పుడు దానివైపు తిప్పి నిలబెడితే చాలు, బొమ్మల్లా ఉంటారు. తొట్టి కింద బల్ల మీ బావ చేశారు. నునుపు పట్టడమే పట్టడం. మా పెళ్ళి మంచానికి కూడా ఇంత మెరుగు పెట్టలేదు, ఆ మాట అంటే, మంచం ఎవరూ బయటినుంచి చూడరుగా అని జవాబు. ఎప్పుడో వాననీళ్ళలో నాని నల్లబడిన మొద్దు ఒకటి ఆయన కార్ఖానా వెనక దొరికింది. దాన్ని తొట్టిలో దించి, నాలుగు వేళ్ళు వాలుగా ఆనించేసరికి నేను మిషను ఆపి దగ్గరికొచ్చాను. మన రేవు పక్కన చెట్టు వేళ్ళు ఇలాగే దిగేవి.

ఆకుల కోసం బడి ఆటస్థలం అంతా ఊడ్చినంత పని చేశాను. నీళ్ళు గోధుమరంగుకి తిరిగాక వచ్చిన ప్రతి ఆవిడా, ఏంటండీ తొట్టి కడగడానికి తీరిక లేదా అని పరామర్శ. ఒకావిడ సబ్బుపొడి కూడా తెచ్చిచ్చింది, పాపం.

ఇసుక కడుగుతుంటే అమ్మ గుర్తొచ్చిందిరా. మధ్యాహ్నం బట్టల మూట ఎత్తుకుని ఇద్దరం ఏటికి వెళ్ళేవాళ్ళం. అమ్మ ఉతికేది, నేను జాడించేదాన్ని. పనయ్యాక ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే కావలి చేపలు వచ్చి వేళ్ళు పొడిచేవి. నీళ్ళు గోరువెచ్చగా, లేవబుద్ధి అయ్యేది కాదు. అమ్మ కొంగుతో నా తల తుడుస్తూ తన చిన్నప్పటి కబుర్లు చెప్పేది. ఇంట్లో ఎప్పుడూ అంత మాట్లాడేది కాదు. ఆ నీళ్ళు చల్లగా ఉండేవని నీకెవడు చెప్పాడు? హీటరు పెట్టేశాను. మేడమ్ గారి జత క్షేమంగా చేరింది. నీకు మతిమరుపు కూడా మొదలైనట్టుంది, డాక్టరుకి చూపించుకో.

అక్క


మార్చి 2

అక్కా,

హీటరు తీసెయ్యి.

మన ఏరు గోరువెచ్చగా ఉండడమేంటి? తెల్లారకముందే నాన్న నన్ను లేపేవాడు. చేతిలో టార్చి. రేవు పక్కన పాతిన కొలబద్ద గుర్తుందా, నలుపూ తెలుపూ గళ్ళతో? దాని మీద అంకె దగ్గరికెళ్ళి చూడాలంటే నీళ్ళలో దిగాలి. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అందుకని నేను దిగేవాణ్ణి. మోకాళ్ళ దాకా దిగేసరికి పళ్ళు టకటకలాడేవి. కాళ్ళు నావో కావో తెలిసేది కాదు. నేను అంకె అరిస్తే ఆయన రాసుకునేవాడు. అంత చలిలోనూ ఆ చేపలు వేళ్ళ కింద హాయిగా తిరిగేవి. అవి చలినీళ్ళ చేపలు. నేను దిగి చూసినవాణ్ణి.

నా తొట్టి మేడ మీద గదిలో, ఎండ తగలని కిటికీ కింద పెట్టాను. గడియారాల భూతద్దం కంటికి పెట్టుకుని చూస్తే మగదాని తోక అంచున ఎర్ర గీత కూడా కనిపిస్తోంది. వెలుతురు తక్కువ, నీళ్ళు చల్లన. పొద్దున్నే దాని ముందు కూర్చుంటే నాన్న పక్కనే ఉన్నట్టుంటుంది.

ఇల్లు ఖాళీ చేసిన రోజు నేనొక్కణ్ణే తాళం వేసి, ఒక్కణ్ణే రేవుకి వెళ్ళి చూసి వచ్చాను. ఆఖరిసారి చూసుకోవడానికి కూడా నీకు రాబుద్ధి కాలేదు. ఇప్పుడు ఏరు ఎలా ఉండేదో నువ్వు నాకు చెబుతున్నావు.

తమ్ముడు


ఏప్రిల్ 11

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రెండుసార్లు జవాబు రాసి చింపేశాను. ఇది మూడోది, ఇందులో కూడా కోపం తగ్గలేదు.

ముందు చేపల సంగతి. ఆడది గుడ్లు పెట్టింది. కుండీ ముక్క కింద, పైకప్పుకి అంటించినట్టు, ఎర్రెర్రగా ఉన్నాయి. ఒళ్ళంతా పసుపు, చెంపల మీద నల్ల గీతలు. మగది అటు తొంగి చూస్తే చాలు, తరిమి తరిమి కొడుతోంది. రెక్క చిరిగిపోయి పాపం అది ఒక మూల వేళ్ళలో నక్కింది. నాకు జాలేసి దాన్ని వేరే గాజుపాత్రలో పెట్టాను. మీ బావ రోజూ దాని ముందు కూర్చుని, ఓర్చుకో నాయనా, కొన్నాళ్ళకి అలవాటైపోతుంది అని ధైర్యం చెబుతున్నారు. పిల్లలు ఈత మొదలుపెట్టాయి. ఆకుల మీద ధూళి కదిలినట్టు కదులుతాయి. తల్లి ఒళ్ళు ఒక్కసారి విదిలిస్తే అన్నీ ఆకుల కిందకి దూరిపోతాయి. మళ్ళీ విదిలిస్తే బయటికొస్తాయి. నేను కత్తెర పక్కన పడేసి చూస్తూ ఉండిపోతున్నాను. యూనిఫారాలు ఆలస్యమై బడివాళ్ళ చేత మాట కూడా పడ్డాను.

ఇక నీ సంగతి. నాకు రాబుద్ధి కాలేదా? 'సామాను సర్దేశాను, ఆదివారం తాళం వేస్తున్నాను' అని ఒక కార్డు ముక్క పడేశావు. రమ్మన్నావా? అక్కా నువ్వు కూడా ఉంటే బాగుంటుంది అని ఒక్క ముక్క రాశావా? పిలవని చోటికి ఎలా వస్తాను?

నాన్నకి నేను పెద్దపిల్లని. నీకంటే ముందే నడిచాను, నీకంటే ముందే అంకెలు నేర్చాను. ఏటికి మాత్రం నిన్నే తీసుకెళ్ళాడు. నన్ను ఒక్కరోజు, ఊరికే తోడుకైనా, రావే అనలేదు. ఆడపిల్లకి కొలబద్ద ఎందుకు, బట్టల మూట చాలు అనుకుని ఉంటాడు. తెల్లవారుజాము ఏరు మీ ఇద్దరిది. నాకు దక్కింది మధ్యాహ్నం ఏరు. అది వెచ్చగానే ఉండేది. దాన్ని కూడా తప్పంటే నేనొప్పుకోను.

హీటరు తియ్యను.

అక్క


ఆగస్టు 20

అక్కా,

పంతానికి పోయి ఇన్నాళ్ళు రాయలేదు. ఇప్పుడు పంతం పట్టే పరిస్థితి లేదు.

నా దగ్గర కూడా గుడ్లు పెట్టింది, పిల్లలయ్యాయి, పెరిగాయి. పెరిగేదాకా ఏది ఆడో ఏది మగో తెలియదు కదా. ఇప్పుడు తెలిసింది. అన్నీ ఆడవే. భూతద్దం పెట్టి ఒక్కొక్కదాన్నే చూశాను, పొరపాటున కూడా ఒక్క మగది లేదు. తండ్రి చేప పోయినవారం చచ్చిపోయింది. పొద్దున లేచి చూస్తే ఆకుల మీద పక్కకి ఒరిగి ఉంది. వాటి ఆయుష్షే రెండు మూడేళ్ళు, అది అప్పటికే ముసలిదట. ఆ రోజు కొట్టు తెరవలేదు. గడియారాలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళకి ఒంట్లో బాగాలేదని చెప్పాను. చేప పోయిందంటే నవ్వుతారు.

మేడమ్ గారికి ఫోన్ చేయించాను, ఆవిడ మిగిలినవి ఎవరికిచ్చిందో కనుక్కుందామని. ఒకరింట్లో కరెంటు పోయి ఫిల్టరు ఆగి అన్నీ పోయాయట. ఇంకొకరు పెద్ద చేపల్ని తెచ్చి కలిపారట, అవి వీటిని తినేశాయి. ఇక మిగిలింది నా తొట్టీ నీ తొట్టే. నా దగ్గర ఒక్క మగది లేదు. నీ దగ్గర ఎన్నున్నాయి? ఒక రెండు పంపు అక్కా. లేకపోతే మన ఏటి చేప అన్న మాట ఇక్కడితో సరి.

కిందటి ఉత్తరంలో నువ్వు రాసింది మరిచిపోలేదు. దానికి జవాబు ఈ కంగారు తీరాక రాస్తాను.

తమ్ముడు


ఆగస్టు 29

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి ఉన్నపళాన తొట్టి దగ్గరికెళ్ళి ఒక్కొక్కదాన్నే చూశాను. నా దగ్గర అన్నీ మగవే. నేను ఇన్నాళ్ళూ మురిసిపోతున్నాను, అన్నిటికీ పొడుగు రెక్కలు, ఎర్ర గీతలు, ఎంత అందంగా ఉన్నాయో అని. పెళ్ళిచూపులకి బయల్దేరినట్టు రోజంతా ఒకదాని ముందు ఒకటి రెక్కలు విప్పడం, తరుముకోవడం. ఒక్క ఆడది లేదని నువ్వు రాసేదాకా నా బుర్రకి తట్టలేదు.

తల్లి చేప ఎండలు తగ్గేలోగానే పోయింది. నీకు చెబుదామనుకున్నాను. నువ్వు ఉత్తరం రాస్తే కదా. దాన్ని పెరట్లో కుండీలో పాతిపెట్టి నేను ఏడుస్తుంటే మీ బావ నవ్వలేదు. మట్టి ఆయనే కప్పారు.

ఇదేం చోద్యంరా, ఒకే ఏటి చేపలకి నీ దగ్గర అన్నీ కూతుళ్ళు, నా దగ్గర అన్నీ కొడుకులూనా? ఎవరి తొట్టిలో ఏం లోపం జరిగిందో మేడమ్ గారిని అడుగు. తప్పు నాదే అయితే చెప్పు, పడతాను.

మగవి కావాలంటే నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. పార్సెల్లో మాత్రం పంపను. నా చేత్తో పెంచిన పిల్లల్ని డబ్బాలో పెట్టి ఎవరి చేతిలోనో పెట్టలేను. నీకు అవసరమైతే నువ్వు రా. ఈసారి రమ్మనే రాస్తున్నాను, పిలవలేదనకు. నీళ్ళ వేడి గురించి మాత్రం నా ఇంట్లో నాకు పాఠం చెప్పకు.

అక్క


సెప్టెంబరు 6

అక్కా,

తప్పు నీదీ కాదు, నాదీ కాదు. మేడమ్ గారు చెప్పింది విని చాలాసేపు నవ్వుకున్నాను, తరవాత నవ్వు రాలేదు.

ఈ చేపల్లో పిల్ల ఆడదవడమో మగదవడమో చాలావరకు నీళ్ళ వేడిని బట్టి ఉంటుందట. గుడ్డులోంచి వచ్చిన మొదటి వారాల్లో నీళ్ళు వెచ్చగా ఉంటే ఎక్కువ మగవి, చల్లగా ఉంటే ఎక్కువ ఆడవి. ఆవిడ తొట్టిలో ఎప్పుడూ మధ్యస్థంగా ఉంచేది, రెండూ పుట్టేవి. మీరు ఏరు చూసినవాళ్ళు కదా, సరిగ్గానే పెడతారనుకున్నాను అంది. సరిగ్గానే పెట్టామండీ, ఎవరి ఏరు వాళ్ళం పెట్టాం అన్నాను.

మన ఏట్లో వేళ్ళ కింద లోతు ఉండేది, ఎండ పడదు. రేవు దగ్గర ఇసుక మేట ఉండేది, పగలంతా ఎండే. కొన్ని ఇక్కడ పెట్టేవి, కొన్ని అక్కడ పెట్టేవి. చల్లటి ఏరు అబద్ధం కాదు, వెచ్చటి ఏరు అబద్ధం కాదు. మనం ఒక్కొక్కరం సగం ఏరు చూసి మొత్తం చూశామనుకున్నాం. నేను మధ్యాహ్నం ఏటికి ఎప్పుడూ రాలేదు. బడిలో ఉండేవాణ్ణి. అమ్మ కబుర్లు చెప్పేదని నువ్వు రాసేదాకా నాకు తెలీదు. నాతో అమ్మ ఎప్పుడూ, తిన్నావా, చదివావా, అంతే. ఆ ముక్క చదివి నీ మీద అసూయ పుట్టింది.

నువ్వడిగినదానికి జవాబు ఇప్పుడు రాస్తాను. నాన్న నన్ను తీసుకెళ్ళడం గొప్ప అనుకున్నావా? నేను శిక్ష అనుకునేవాణ్ణి. మంచి నిద్రలో లాగి చలిలోకి దింపేవాడు. పక్కనే నువ్వు దుప్పటి ముసుగేసి హాయిగా పడుకుని ఉండేదానివి. ఒకరోజు ఏడుస్తూ అడిగేశాను, అక్కని ఎందుకు లేపవు, ఎప్పుడూ నేనేనా అని. నాన్న నన్ను కసరలేదు. పగలంతా అమ్మతో చాకిరీ చేస్తుందిరా, చూడు ఎంత ఒళ్ళు తెలియకుండా పడుకుందో, లేపబుద్ధి కాదు అన్నాడు. అక్కా, నువ్వు లేస్తావని ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని వాకిలి దాటేవాడు. నన్ను కూడా దగ్గు వస్తే నోరు మూసుకోమనేవాడు. గేటు గొళ్ళెం చప్పుడు కాకుండా ఇద్దరం గోడ పక్క సందులోంచి వెళ్ళేవాళ్ళం. ఆడపిల్లవని కాదు. ఇన్నేళ్ళూ నువ్వు అలా అనుకున్నావని నాకు తెలియదు.

ఇక నేనే వస్తున్నాను. శనివారం మధ్యాహ్నం బస్సుకి బయల్దేరుతాను. కూతుళ్ళలో సగంమందిని సంచుల్లో నీళ్ళు పోసి, చుట్టూ గుడ్డలు కుక్కిన డబ్బాలో పెట్టి ఒళ్ళో పెట్టుకుని వస్తాను. తిరిగి వెళ్ళేటప్పుడు నీ కొడుకుల్ని కొందరిని తీసుకెళ్తాను. బావతో చెప్పు, ఆడపెళ్ళివారు కట్నకానుకలేమీ తేవడం లేదని.

తమ్ముడు


అక్టోబరు 4

తమ్ముడూ,

నువ్వు బస్సెక్కిన దగ్గరనుంచీ రాద్దామనుకుంటూ ఇన్నాళ్ళకి కూర్చున్నాను. ఉన్న రెండు రోజులూ తొట్టి ముందే గడిపావు. మీ బావ నీ కోసం చేసిన పీట మీద నువ్వు కూర్చోనే లేదని ఆయన అలక. ఈసారి వచ్చినప్పుడు కాసేపైనా కూర్చో.

హీటరు తగ్గించాను. తియ్యలేదు, తగ్గించాను. నువ్వు తెచ్చిన ఆడవాటిలో చిన్నది, తోక కొద్దిగా వంకరగా ఉంటుందే, అది నిన్న పసుపు రంగుకి తిరిగింది. కుండీ ముక్క కింద దూరి బయటికి రావడం లేదు. తొంగి చూస్తే నా మీదకి కూడా యుద్ధానికొచ్చింది. గుడ్లున్నాయి. పిల్లలు రెండు రకాలూ పుడతాయో లేదో తెలియడానికి ఇంకా నెలలు పడుతుంది. పుడతాయనే నా నమ్మకం. నీ తొట్టి సంగతి కూడా వెంటనే రాయి.

నువ్వు ఉన్నప్పుడు ఒక మాట చెప్పాలని రెండుమూడుసార్లు నోటిదాకా వచ్చింది. నీకు వినపడేలా అరిచి చెప్పే మాట కాదు. నువ్వు రాసిన ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. చదివినప్పుడల్లా ఒకచోట ఆగిపోతున్నాను.

నేను నిద్రపోయేదాన్ని కాదురా. నాన్న నిన్ను లేపే చప్పుడుకి నాకు రోజూ మెలకువ వచ్చేది. తనంతట తను పిలిస్తే వెళ్దామని, ముసుగులో కళ్ళు గట్టిగా మూసుకుని ఎదురుచూసేదాన్ని. లేచి కూర్చుంటే, ఎందుకే లేచావు, పడుకో అంటాడేమోనని భయం. కాసేపటికి ఏ చప్పుడూ ఉండేది కాదు. చెప్పుల చప్పుడు లేదు, గొళ్ళెం చప్పుడు లేదు. నేను ఒకదాన్ని ఉన్నానని కూడా గుర్తులేకుండా వెళ్ళిపోయారనుకునేదాన్ని. ఆయన నా కోసమే అంత నిశ్శబ్దంగా వెళ్ళాడని నాకెలా తెలుస్తుంది?

ఆయన నన్ను లేపలేకపోయాడు, నేను లేవలేకపోయాను. ఈ సంగతి చెప్పుకోవడానికి ఇప్పుడు ఆయన లేడు, నువ్వే ఉన్నావు. అందుకని నీకు రాస్తున్నాను.

పిల్లలు ఈదడం మొదలుపెట్టగానే రా. ఒక రాత్రి ఉండు. తెల్లవారకముందే నన్ను లేపు. ఏరు లేకపోతే లేకపోయింది, ఊరికే వీధి చివరిదాకా నడిచి వద్దాం. నేను మెలకువగానే ఉంటాను. అయినా సరే, నాన్నలా పేరు పెట్టి పిలువు.

అక్క